ఎవరూ లేని ఇంట్లో కాలిన కరెంటు

నెత్తి మీద ఫ్యాను ఉండగా బిడ్డకు అట్టముక్కతో విసురుతున్న తల్లిని మీరెప్పుడైనా చూశారా? బీరంగూడలో, పెద్ద ఫ్యాక్టరీ గోడకు దగ్గరి సందుల్లో తిరిగితే అలాంటి తల్లులు కనబడతారు. పిసినారులని నవ్వకండి. ఆ తల్లికి కరెంటు బిల్లంటే భయం. ఆ భయం వెనక ఏముందో ఒక ఇంటి సంగతి చెబితే మీకే తెలుస్తుంది.

ఆ ఇంటి ఇల్లాలు సునంద. భర్త కుమార్ పటాన్‌చెరు దగ్గర వాల్వుల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. కూతురు అంకిత ఈ ఏడే బడిలో చేరింది. కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసే బద్రీనాథ్, ఆదిలక్ష్మి దంపతుల మేడ కింద వరసగా మూడు కిరాయి పోర్షన్లు ఉన్నాయి. మొదటిది వీళ్లది. యజమానులు పై అంతస్తులో ఉంటారు.

సునందకు ప్రతిదానికీ భయమే. పాప తుమ్మితే భయం, కుక్కరు కూత ఆలస్యమైతే భయం. అన్నింటికన్నా పెద్ద భయం నెలనెలా చేతికొచ్చే ఆ బిల్లు. ఎండాకాలంలో ఈ ఇంట్లో దిగాక అది పెరిగితే కూలరు వల్లనే అనుకున్నారు. వానలు పడ్డాయి, కూలరు అటకెక్కింది, బిల్లు మాత్రం కిందికి దిగలేదు. ఫ్రిజ్ ఆపేసింది. రాత్రి పప్పు తెల్లారేసరికి పులిసిపోయేది తప్ప వేరే తేడా ఏమీ రాలేదు. ఇక మిగిలింది ఫ్యాను. దాన్ని కూడా పాప నిద్రపోయేదాకే వేసి, తర్వాత అట్టముక్క అందుకునేది.

"పొద్దంత సీరియళ్లు పెట్టుకోని కూసుంటే గిట్ల గాక ఎట్లొస్తది?" అన్నాడు కుమార్, బిల్లు చూసి.

"టీవీ ముట్టక ఎన్ని దినాలైందో పక్కింట్ల సోమమ్మత్తను అడుగు."

"మరి గీ కరెంటు ఎవరు తాగుతుండ్రు? దయ్యమా?"

చేయని తప్పును సునంద ఒప్పుకోలేదు, కాదని రుజువూ చేయలేకపోయింది. కుమార్ బిల్లు మడిచి జేబులో పెట్టుకుని, మనసులో ఎప్పటి నుంచో ఉన్న మాట బయటపెట్టాడు.

"వచ్చే బిల్లు గూడ గిట్లనే వస్తే నువ్వు, పాప కొండాపూర్ల అమ్మ కాడ ఉండుండ్రి. నేను కంపెనీ పోరగాళ్లతోటి రూముల ఉంట."

"మరి పాప బడి?"

"కొన్నాళ్లే గదనే."

ఆ 'కొన్నాళ్లు' అన్న మాట సునంద గుండెలో ముల్లులా దిగింది. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా, ఇంట్లో ఇబ్బందిగా ఉందని కొన్నాళ్లు మేనమామ ఇంట్లో ఉండమని పంపించారు. ఆ కొన్నాళ్లు ఇప్పటికీ పూర్తి కాలేదు. పుస్తకాల సంచి ఏమైందో కూడా ఆమెకు తెలియదు. తన బిడ్డకు ఆ గతి పట్టకూడదు. కానీ కంటికి కనబడని ఖర్చుతో ఎవరు మాత్రం ఎట్లా కొట్లాడతారు?

సరిగ్గా అప్పుడే ఆ సందుకు స్మార్ట్ మీటర్లు వచ్చాయి. మీటర్ల కంటే ముందే పుకార్లు వచ్చాయి.

"అది గుర్రమోలె ఉరుకుతదట. ముందుగాల కట్టిన పైసలు అయిపోంగనే ఎవలకు సెప్పకుండ కట్ జేస్తదట. మా సెల్లె వాళ్ల దిక్కు అందరు అదే ముచ్చట," అంది సోమమ్మ. ఆమె కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు తోముతుంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

ఆడవాళ్లంతా గేటుకు అడ్డం నిలబడ్డారు. అందరికంటే ముందు, పాపను చంకనెత్తుకుని సునంద నిలబడింది. మీటర్లు పెట్టే బృందానికి పెద్ద ధనలక్ష్మి అనే ఇంజనీరు. సంగారెడ్డి మనిషే.

"ఎందుకొద్దమ్మా?" అని అడిగింది.

"పాతదే మమ్ముల పీక్క తింటుంది మేడం. ఇది ఇంకింత ఉరుకుతదంటుండ్రు."

"ఉరికితే ఏ గంటల ఉరికిందో చూపిస్తది. పాతది చూపించిందా?"

సునంద గేటు మీది చెయ్యి తీసింది. ఆమె వెతుకుతున్నది సరిగ్గా అదే. ఏ గంటలో?

"బిల్లు ఎప్పటి లెక్కనే నెల అయినంకనే ఇస్తం. ముందు పైసలు కట్టే పద్ధతి మీ సందుకు పెడతలేం," అంది ధనలక్ష్మి. "ఏ పూట ఎంత కాలిందో మాత్రం తెల్లారి ఫోనుల కనబడతది. ఫోన్ నంబర్ ఎవరిది రాయాలె?"

మెట్ల మీద నిలబడ్డ ఆదిలక్ష్మి అందుకుంది. "సర్వీసు మా పేరు మీదుంది, మాదే రాయుండ్రి. కిరాయికుండేటోళ్లకు ఎందుకు గివన్ని?"

ఎన్నడూ ఎదురు చెప్పని సునంద తలెత్తింది. "కట్టేది మేమే గదా ఆంటీ. చూసుడన్న మమ్ముల చూసుకోనియ్యుండ్రి."

"చూసుకో తల్లీ. అండ్ల సీరియల్ రాదు మరి," అని ఆదిలక్ష్మి నవ్వుతూ ఓనర్ ఒప్పుదల కోసం తన ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు చదివి వినిపించింది. సునంద నంబర్ ఎక్కింది. సోమమ్మ మాత్రం, "ముందుండి కొట్లాడుమంటే ముందువడి పెట్టించుకున్నవా బిడ్డా," అని మూతి తిప్పింది.

రెండో రోజు నుంచి సునంద ఫోనులో బొమ్మ రావడం మొదలైంది. గంటకో గీత, గోడకు ఆనించి నిలబెట్టిన కట్టెల వరసలాగా. చదువు తక్కువైనా పొడుగేదో పొట్టిదేదో కనిపెట్టడానికి ఏ పరీక్షా పాస్ కానక్కర్లేదు. మిక్సీ తిప్పిన గంట కాస్త పొడుగు. ఇస్త్రీ చేసిన గంట ఇంకొంచెం పొడుగు. కానీ తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక ఒకటి, రోజూ రెండు కట్టెలు అన్నింటికంటే ఎత్తుగా నిలబడేవి. ఆ గంటల్లో ఇంట్లో ఏమీ నడవదు.

"మీటరే తప్పు," అన్నాడు కుమార్.

"నేను సెప్పలే?" అంది సోమమ్మ.

సునంద మనసూ అటే మొగ్గింది. కానీ తప్పుడు మీటరైతే రోజూ అవే వేళల్లో తప్పు చూపుతుందా? తప్పుకు కూడా డ్యూటీ టైం ఉంటుందా?

ఆదివారం పాపను తీసుకుని ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గాభవాని గుడికి వెళ్లారు. మొక్కు చెల్లించి, అక్కడే వండుకు తిని, పొద్దు వాలాక బయలుదేరారు. తిరుగుదారిలో బండి మీద కుమార్‌కు అనుమానం వచ్చి అడిగాడు.

"తాళమేసినవా?"

"ఏసిన. మెయిన్ స్విచ్చు గూడ దించిన."

"ఊరికి పోయినా, గుడికి పోయినా ఇల్లంత చీకటి జేసి పోయేది నువ్వొక్కదానివే," అని అతను నవ్వాడు.

తెల్లారి ఫోను తెరిచిన సునంద మంచం మీద నుంచి లేచి నిలబడింది. ఆదివారం బొమ్మలో వాళ్లు ఇంట్లో లేని గంటలన్నీ నేలకు అంటుకుని ఉన్నాయి, ఒక్క మధ్యాహ్నపు కట్టె తప్ప. ఇంట్లో మనిషి లేడు. వైర్లలో కరెంటే లేదు. అయినా మీటరు తిరిగింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె మెయిన్ దించి, బయట మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. కరెంటు కాలుతుంటే కొట్టుకునే మీటరు మీది ఎర్రలైటు ఆగిపోయి ఉంది. ఉన్నట్టుండి అది గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అదే క్షణాన ఇంటి వెనక యజమానుల బోరు మోటరు గుర్రుమంది. పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న చప్పుడు.

"సోమమ్మత్తా, జెర ఇటు రా. మెయిన్ దించిన. అయినా చూడు."

సోమమ్మ చూసింది. మోటరు ఆగింది. లైటూ ఆగింది. "గిన్నొద్దులు గీ మోటరు నీ ఇంట్ల అన్నం తిన్నదా బిడ్డా," అంది మెల్లగా.

సునంద పై అంతస్తు మెట్లెక్కసాగింది. ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోవాలి? అయినా ఆగలేదు. బడికి పోయిన బిడ్డ ఇంకో గంటలో తిరిగి వస్తుంది. ఆ బిడ్డ పుస్తకాల సంచి ఈ ఇంటి గోడ మేకుకే వేలాడాలి.

"అంటే మేము కరెంటు దొంగలమా?" అంది ఆదిలక్ష్మి, విషయం విని.

"దొంగలంటలేనాంటీ. అంకుల్‌ను మోటరు ఏసి బందు జెయ్యమనుండ్రి. మీరే కిందికొచ్చి చూడుండ్రి."

బద్రీనాథ్ పైన స్విచ్ వేశాడు, ఆపాడు, మళ్లీ వేశాడు. ఆదిలక్ష్మి కింద మీటరునే చూస్తూ నిలబడింది. లైటు మోటరు చెప్పినట్టల్లా ఆడింది.

దిగి వచ్చిన బద్రీనాథ్‌కు అప్పుడు గుర్తొచ్చింది. వీళ్లు రాకముందు, పోయినేడు ఎండాకాలంలో వాళ్ల ఫేజు పోయి పైన కరెంటు ఆగితే, నీళ్లు ఆగొద్దని వైరుమ్యాన్ మోటరు తీగను మొదటి పోర్షన్ మెయిన్ స్విచ్చుకు ముందే మీటరుకు కలిపాడు. రెండు రోజులకని కలిపింది, విప్పడం అందరూ మరిచిపోయారు.

"మీకన్న ముందున్నోళ్లు గూడ బిల్లు మీద మొగుడూ పెండ్లాం కొట్లాడుకోనే ఖాళీ చేసిండ్రు," అంది ఆదిలక్ష్మి మెట్టు మీద కూలబడి. "వాళ్లకు పొదుపు తెల్వదని నేనే తిట్టిన. తప్పు మాదే సునందా."

ఆ సాయంత్రానికే తీగ మారింది. ఇన్నాళ్లు ఎక్కువ కట్టింది కిరాయిలో తగ్గించారు. ఆ తర్వాత వచ్చిన బిల్లును కుమార్ వెనకా ముందూ తిప్పి చూశాడు. వెంటనే వాళ్ల అమ్మకు ఫోను చేశాడు.

"అమ్మా, వాళ్లు రారు. పాపకు బడుంది." ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. "నిన్ను అనరాని మాటలన్న."

"అన్నవ్. ఇగ మీద ఫోనుల చూసినంకనే అను," అంది సునంద. ఇద్దరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన నవ్వు అది.

కొద్ది రోజులకు మీటర్లు పక్క సందుకు వచ్చాయి. అక్కడా గేట్ల ముందు ఆడవాళ్లు నిలబడ్డారు. సోమమ్మ సునంద చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "మా పిల్ల సెప్తది ఇనుండ్రి," అంది. పదిమందిలో మాట్లాడటమంటే సునందకు భయం. ఆ భయంతోనే మొదలుపెట్టింది.

"అక్కా, వద్దనకుండ్రి. అట్లని ఊకెనే పెట్టించుకోకుండ్రి. ఇంట్ల ఎవరుంటున్నరో వాళ్ల నంబరే ఎక్కియ్యమనుండ్రి. ఫోను లేనోళ్లకు కాగితం మీద చూపియ్యమనుండ్రి. తప్పు కనవడితే ఎవరిని అడగాల్నో గోడ మీద రాసి పెట్టమనుండ్రి. రేపు ముందుగాల్నే పైసలు కట్టుమంటే, దాని ముచ్చట అప్పుడు గట్టిగనే అడుగుదాం. నా నంబరు ఎక్కకపోతే నా బిడ్డ ఈ పాటికి కొండాపూర్ల ఉండేది."

ధనలక్ష్మి నవ్వి, తన మనుషుల వైపు తిరిగింది. "ఇయ్యాల్టి నుంచి ముందు నంబరు, తర్వాత మీటరు. కిరాయోళ్లుంటే ఓనర్‌ను పిలిచి వాళ్లదే రాయుండ్రి. కాగితం, గోడ మీద రాసుడు నా జిమ్మ, నేనే చూసుకుంట." గేట్లకు అడ్డం నిలబడ్డ ఆడవాళ్లు తమ నంబర్లు చెప్పడానికి వరస కట్టారు. సోమమ్మ అందరికంటే ముందు నిలబడి, ఇది తన సందు కాదని చెప్పినా వినకుండా తన నంబర్ గట్టిగా చదివింది.

మీటరు కొత్తదైనంత మాత్రాన ఏ ఇల్లూ బాగుపడదు. అది ఓనర్ పక్షమూ కాదు, కిరాయిదారు పక్షమూ కాదు. కళ్లు తెరిచి చూసి, చూసింది నోరు తెరిచి అడిగిన వాళ్ల పక్షం.