ముప్పై ఏడో నంబరు సైకిల్

లైబ్రరీని రైలు పట్టాల అవతలి కొత్త భవనంలోకి మార్చారు. అక్కడికి నేరుగా బస్సు లేదు. "బస్సులు మారడమెందుకు, నీకో సైకిల్ కొనిపెడతాను" అన్నారు మావారు. అడక్కుండా ఆయన ఇచ్చిన మాటలు అరుదు కాబట్టి దాన్ని గట్టిగా పట్టుకున్నాను.

ఆయన తెచ్చింది పాతసామాన్ల దుకాణంలో దొరికిన సైకిల్. నల్లరంగు, అక్కడక్కడ తుప్పు, హ్యాండిల్ కింద కంపెనీ బిళ్ల ఉండాల్సిన చోట రెండు చిల్లులు. మగవాళ్ల సైకిలే. అయినా మా నాన్న సైకిల్‌ని కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కుతూ నేర్చుకున్నదాన్ని, నాకు కడ్డీ ఒక అడ్డా? గాలి కొట్టి బ్రేకులు బిగిస్తే మర్నాడే ఎక్కేద్దామనుకున్నాను.

"ఆగు. ముందు దీని పుట్టుపూర్వోత్తరాలు తేలాలి" అన్నారాయన.

ఆయన ఉద్యోగం బీమా కంపెనీలో. ఎక్కడ ఏ గోడౌను తగలబడినా వెళ్లి, నిప్పు ఎక్కడ పుట్టి ఎటు పాకిందో కనిపెట్టాలి. మా ఇంట్లో పాలు పొంగినా విచారణ జరుగుతుంది. అలాంటి మనిషి చేతికి బిళ్ల ఊడిన సైకిల్ దొరికితే ఊరుకుంటారా! కిరసనాయిలుతో తుడిచారు. భూతద్దం కొన్నారు. వరండాలో ఉన్న సైకిల్ హాల్లోకి వచ్చింది, హాల్లో ఉన్న సోఫా గోడకు నక్కింది.

ఓ సాయంత్రం, పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అడుగున ఒక అంకె బయటపడింది.

"ఏమోయ్, ఇలా రా! ముప్పై ఏడు! ఇది ఆ కంపెనీ చేసిన ముప్పై ఏడో సైకిల్!"

"ఏ కంపెనీ అండీ?"

"అదే తేలాలి."

ఆ అంకె ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీదా ఉంది, రెండు రిమ్ముల మీదా ఉంది, చివరికి సీటు కింద కూడా ఉంది. "చూశావా! ఒక్క భాగం కూడా మారలేదు. పుట్టింది పుట్టినట్టే ఉంది" అన్నారు. మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా ఆయన గొంతు అంతగా వణకలేదు.

"అయితే రేపు తొక్కొచ్చా?"

"దీన్నా?" పట్టుచీర చింపి మసిగుడ్డ చేసుకుంటానన్నట్టు చూశారు నన్ను.

ఆ వారం మా ఆడపడుచు వచ్చింది. ఆయనకు అక్క. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏరా, ఇంతకీ కూర్చోవాల్సింది మేమా, సైకిలా?"

"అక్కా, ఇది ఎవరో పెద్ద అధికారిది. మొదటి విడతలోనే కొన్నాడంటే మామూలోడు కాదు."

"నాకైతే పాలవాడి సైకిల్‌లా ఉంది."

"నీకన్నీ మామూలుగానే కనిపిస్తాయి."

"అవున్రా. నువ్వు పుట్టినప్పుడూ అలాగే అనుకున్నాను."

వదిన మాటలకు నవ్వుకున్నాను గానీ, నా బాధ నాది. సైకిల్ గొప్పదవుతున్నకొద్దీ నాకు దూరమవుతోంది. అది వట్టి మామూలుదని తేలితేనే నాకు లైబ్రరీ దక్కుతుంది. అందుకని నేనూ పరిశోధనలోకి దిగాను, ఎదుటి పక్షాన.

ఇంట్లో ఏ వస్తువునైనా తుడిచేవాళ్లకే దాని గుట్టు తెలుస్తుంది. సీటును మోసే కడ్డీ మీద పైనుంచి కిందిదాకా చుట్టూ గీతలు, దువ్వెన పళ్లంత దగ్గరగా. సీటు ఎత్తు మార్చినప్పుడల్లా పడే గీతలవి. ఒక్క అధికారి అన్నిసార్లు పొడుగూ పొట్టీ అవుతాడా? పైగా అంకెలు వంకరటింకరగా ఉన్నాయి. కంపెనీవాళ్లు సైకిల్‌కి నంబరు వేస్తారు గానీ, సీటుకూ చక్రాలకూ సుత్తితో కొట్టి కూర్చుంటారా? ఆ పని చేసేది మనుషుల్ని నమ్మనివాడు. కాలేజీ రోజుల్లో మేము సైకిళ్లు గంటల లెక్కన అద్దెకు తీసుకునేవాళ్లం. తిరిగి ఇచ్చేటప్పుడు ఆ షాపాయన మా మొహాలకంటే ముందు చక్రాల నంబర్లు చూసేవాడు. కొత్త చక్రం ఊడదీసుకుని పాతది తగిలించి తెచ్చే ఘనులుంటారు మరి.

"ఏమండీ, ఇది అద్దె సైకిల్" అన్నాను.

ఆయన భూతద్దం కింద పెట్టేశారు. "పాత సైకిళ్ల సంఘం ప్రెసిడెంటు గారు ఆదివారం వస్తున్నారు. ఆయన ముందు ఆ మాట అన్నావంటే నా పరువు గంగలో కలుస్తుంది."

ప్రెసిడెంటు గారు పళ్ల డాక్టరు. సైకిల్ ముందు గొంతుక్కూర్చుని, టార్చి వేసి, నోరు తెరిపించి చూసినట్టే చూశారు. మావారు అధికారి కథంతా చెప్పారు, గుర్రం ఒక్కటే తక్కువ.

"మరి ఈ కడ్డీ మీద ఇన్ని గీతలెందుకున్నాయి?" అన్నారు డాక్టరు గారు.

"అధికారిగారికి కొడుకులు ఉండుంటారు" అన్నారు మావారు.

"ఎంతమందిరా?" అంది వదిన, మంచినీళ్లు అందిస్తూ.

మావారు నావైపు చూశారు. ఆ చూపులో బెదిరింపు లేదు, ఆదుకోమని ఉంది. ఆదుకున్నాను. గీతలూ, నంబర్లూ, షాపాయన అనుమానాలూ పూసగుచ్చినట్టు చెప్పాను. మావారి మొహం నిన్నటి తోటకూర కాడలా వాలిపోయింది. పాపమనిపించింది గానీ, రేపటి లైబ్రరీ దారి కూడా కనిపించింది.

డాక్టరు గారు ఒక్క ఉదుటున లేచారు. "అద్దె సైకిలా! అధికారుల సైకిళ్లు మా సంఘంలో మూలకొకటి ఉన్నాయండీ. అద్దెవి అరిగి అరిగి తుక్కైపోయాయి. అన్ని భాగాలతో మిగిలింది నేనెక్కడా చూళ్లేదు. దీన్ని అద్దాల పెట్టెలో పెట్టాలి!"

"నాకు మొదట్నుంచీ ఆ అనుమానం ఉంది" అన్నారు మావారు.

నా గోతిని నేనే తవ్వుకున్నాను, అదీ సాక్ష్యాధారాలతో సహా.

"రంగు వెయ్యకండి. దీని అసలు స్థితి చెడగూడదు" అంటున్నారు డాక్టరు గారు.

"అసలు స్థితి అంటే ఏంటండీ?" అన్నాను. "ఇది ఎప్పుడైనా ఒకచోట నిలబడిందా? రోజూ ఎవరో ఒకరు తొక్కారు. పెట్టెలో పెట్టాక ఇంకేం అద్దె సైకిల్?"

వదిన నోటికి పమిట అడ్డం పెట్టుకుంది. డాక్టరు గారు టార్చి ఆర్పేశారు.

"నిజమేనమ్మా. నమలని పన్ను నిలవదు. తొక్కకపోతే ఇది బిగుసుకుపోతుంది. తొక్కాలి."

"ఎవరు తొక్కాలి?" అన్నారు మావారు నీరసంగా.

"నేనున్నానుగా, పైకెక్కించు" అంది వదిన.

మర్నాడు ఉదయం సంచీ హ్యాండిల్‌కి తగిలించుకుని సైకిల్ బయటికి తీశాను. మావారు ఆఫీసు బట్టల్లోనే గేటు దాకా వచ్చారు. వంగి టైర్లు నొక్కి చూశారు. బెల్లు కొట్టి చూశారు. బ్రేకు పట్టి వదిలారు. ఆ తర్వాత చేతి గడియారం చూసుకుని, "ఎంతసేపు?" అన్నారు.

అప్పటికే పెడల్ మీద కాలు వేశాను. తొక్కి చాలా ఏళ్లయింది, తల తిప్పితే పడిపోతాను. అందుకని ఒకసారి బెల్లు కొట్టి ముందుకు సాగిపోయాను.