పెద్దబండి ఎక్కే చోట్లు

మా మనవరాలు మెర్సీ పెట్టిన షరతు ఒక్కటే. “మామ్మా, వెనక సీటు నువ్వు ఎక్కగలిగితేనే పెద్దబండి కొంటాను. ఎక్కలేకపోతే నాకూ వద్దు. ఈ చిన్నబండే చాలు.”

ప్రేమగానే అంది. కానీ ఆ ప్రేమంతా వచ్చి నా మోకాళ్ల మీద పడింది. డెబ్బయ్యేళ్ల మోకాళ్లవి. ఓ పిల్ల ఏడాదిగా మనసులో పెట్టుకున్న కోరిక వాటి మీద ఆధారపడి ఉందంటే నాకు అన్నం ఎలా సయిస్తుంది చెప్పండి.

మెర్సీ మా అబ్బాయి విజయ్ పాల్ కూతురు. నరసాపురంలో బ్యాంకు ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకుకు సెలవు. నాలుగేళ్లుగా ఆ రెండు రోజులూ నన్ను చిన్నబండి మీద వెనకాల కూర్చోబెట్టుకుని తిప్పుతోంది. నేను చీర కుచ్చిళ్లు సర్దుకుని ఒక పక్కకు కూర్చుంటాను. చెయ్యి ఖాళీగా ఉంటే నాకు తోచదు, అందుకని ఒళ్లో లేసు పెట్టుకుని అల్లుతూ ఉంటాను. బండి యాభై దాటిందంటే అల్లికలో కన్నాలు పెద్దవైపోతాయి. మా ఇంట్లో టీవీ మీద పరిచిన గుడ్డ చూసి ఎక్కడ మంచి రోడ్డు వచ్చిందో, ఎక్కడ గోతులు వచ్చాయో చెప్పేయొచ్చు. మందు చవగ్గా దొరికే యానాం వెళ్లొచ్చిన రోజున మా ఆయన చిట్టియ్యగారు గుమ్మంలోనే నిలబడి సంచీలోకి తొంగి చూస్తారు. చర్చి పెద్ద అయ్యుండి ఏం వెతుకుతారో నేను అడగను. అందులో ఉండేది లేసు ఉండ, నీళ్ల సీసా.

పోయిన ఏడాది మారేడుమిల్లి ఘాట్‌లో చిన్నబండి మా ఇద్దర్నీ మోయలేక దగ్గింది. మెర్సీ నన్ను దింపి నడిపించింది. వెనక లారీ అతను తల బయటపెట్టి, “మామ్మగారూ, బండిని కూడా మీరే భుజానికెక్కించేసుకోండి!” అని అరిచాడు. ఆ రోజు నుంచి మెర్సీ కళ్లకు నాలుగొందల సీసీ బండి తప్ప ఇంకోటి ఆనలేదు. ఊటీ అంటుంది, అరకు అంటుంది. నాకు మాత్రం చేదా ఏంటి?

భీమవరం షోరూముకు వెళ్లాం. అక్కడి కుర్రాడి పేరు గణేష్‌బాబు. మంచివాడు, ఓపిక ఎక్కువ. బండి చూస్తే వెనక సీటు నా నడుము దాకా ఉంది. చీర చక్రంలో పడకుండా అడ్డం లేదు, పక్కకు కూర్చునే వాళ్లు కాళ్లు పెట్టుకునే బల్ల లేదు.

“పక్కకు కూర్చోకూడదండి మామ్మగారూ. ఎడంకాలు ఈ ఫుట్‌రెస్ట్ మీద పెట్టి, కుడికాలు అటు వేసెయ్యడమే,” అన్నాడు.

“అటు అంటే ఎటు బాబూ?”

“సీటు మీంచి అటండి.”

“అంత ఎత్తు నా కాలు లేచి ముప్పయ్యేళ్లయింది. అప్పుడు కూడా పాము కనపడితే లేచింది.”

మెర్సీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేను మూడుసార్లు ప్రయత్నించాను. మూడోసారి గణేష్‌బాబు మెడ పట్టుకుని ఆగాను. అప్పుడతను పరుగెత్తి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. కుర్చీ ఎక్కి నిలబడ్డాను, చీర కాస్త పైకి దోపాను, కాలు అటు వేశాను. అంతే! కూర్చున్నాను. అబ్బ, ఏం ఎత్తండీ! ఫ్యాను రెక్కల మీద దుమ్ము కనపడింది. దిగమంటే దిగాలనిపించలేదు.

మెర్సీ ఫోటో తీసి, తీశాక మొహం దించేసుకుంది. “రోడ్డు మీద కుర్చీ ఎక్కడిది మామ్మా?”

“చిన్న మడత స్టూలు కట్టుకోండి మేడమ్,” అన్నాడు గణేష్‌బాబు.

“సరే. ఆవిడ స్టూలెక్కి బండెక్కుతుంది. నేను ముందు రెండు చేతులతో బండి పట్టుకుని ఉంటాను. కింద మిగిలిన స్టూలు తీసేదెవరు?”

గణేష్‌బాబు చాలాసేపు ఆలోచించాడు. షోరూములో ఇంకో ఇద్దరు కూడా వచ్చి ఆలోచించారు. ఇంటికొచ్చాక మా ఆయన స్టూలుకు తాడు కట్టి పైకి లాక్కోమన్నారు. తాడు చక్రంలో పడితే ఇద్దరం ఒకేసారి పరలోకం చూస్తామని మెర్సీ కొట్టేసింది. ఆ పైన పెద్దబండి మాటే ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు బాధగా ఉంది.

మర్నాడు బజారుకెళ్లి నా కొలతకు పంజాబీ డ్రెస్సు కొనుక్కున్నాను. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టలేదు. పైజమా అంచుకు వేలెడు వెడల్పు లేసు కుట్టాను, ఎంతయినా మన చేతి పని ఉండాలి కదా. వేసుకుని బయటికొస్తే మా ఆయన పేపరు దించి చూశారు.

“ఎవరు కావాలండీ? బేబి ఇంట్లో లేదు,” అన్నారు.

నా పేరు బేబి. ఈ వయసులో కూడా అదే పేరు, ఏం చేస్తాం. నేరుగా వెళ్లి మా పెరటి పిట్టగోడ మీద కాళ్లు అటొకటి ఇటొకటి వేసుకుని కూర్చున్నాను. ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం. మా ఆయన కూడా వచ్చి కుర్చీ వేసుకున్నారు. కాసేపు హారన్ కొట్టారు. కాసేపు పోలీసై హెల్మెట్ ఏదని అడిగారు. బొప్పాయి చెట్టు కింద ఆయన నవ్వే నవ్వుకు కోళ్లు చెదిరిపోయాయి.

పదోసారి ఎక్కేటప్పుడు నాకు తట్టింది. గోడ దగ్గర పేర్చిన ఇటుకల వరస ఉంది. దాని మీద నిలబడితే కాలు తేలిగ్గా లేస్తోంది. అంటే నాకు కావలసింది స్టూలు కాదు, జానెడున్నర ఎత్తు, కదలకుండా ఒక చోట ఉండేది. అలాంటివి మన వైపు తక్కువా? గోదారి కాలవలు పారే నేల ఇది. అడుగుకో తూము, మలుపుకో రేవు, రేవుకో మెట్టు.

సాయంత్రం మెర్సీ బ్యాంకు నుంచి రాగానే అడిగాను. “ఏ ఊరైనా చెప్పు. అక్కడ నేను బండి ఎక్కే చోటు చెబుతాను.”

“సఖినేటిపల్లి.”

“పంటు పడవ దిగగానే కుడివైపు గట్టు. టీ కొట్టు ముందర రెండు మెట్లు.”

“అంబాజీపేట.”

“కొబ్బరికాయల కొట్ల ముందు అరుగులే అరుగులు. నీకు ఏ అరుగు కావాలి?”

“రామచంద్రపురం.”

“మా ఆడపడుచు హెలెన్ ఇంటి గుమ్మం. మెట్టు ఎత్తుగా కట్టించిందని తాపీమేస్త్రితో వారం రోజులు దెబ్బలాడింది. ఇప్పుడు పనికొచ్చింది.”

“యానాం.”

మా ఆయన గొంతు సవరించుకున్నారు. “యానాంలో మెట్లు నేను చెప్పగలను,” అన్నారు. మేమిద్దరం ఆయన వైపు చూశాం. “గోదారి గట్టు మెట్లే,” అని పేపరు పైకెత్తుకున్నారు.

“తాటిపాక దాటాక, కాలవ పక్క రోడ్డు,” అంది మెర్సీ. ఊరు కూడా కాని చోటు అడిగి నన్ను పట్టుకుందామని.

“చిన్న తూము. దానికి రెండువైపులా మోకాలెత్తు గోడ. ఎనభై ఆరు వరదలో మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఆ గోడ మీద మూడు గంటలు కూర్చున్నాను. దాన్ని మర్చిపోతానా?”

మెర్సీ కళ్లు మళ్లీ వెలిగాయి. అయినా బ్యాంకు పిల్ల కదా, నోటిమాట మీద సంతకం పెట్టదు. “నాలుగో శనివారం పరీక్ష. మూడు చోట్ల ఎక్కాలి. ఎవరూ చెయ్యెయ్యకూడదు. ఒక్క చోట తప్పినా పెద్దబండి లేదు, మళ్లీ ఎప్పుడూ అడగను,” అంది.

చర్చిలో గిటారు వాయించే ఫిన్నీకి అచ్చం అలాంటి బండే ఉంది. ఆ రోజుకు అడిగి తెచ్చింది. మొదటి చోటు మా పిట్టగోడ. చిటికెలో ఎక్కాను. మా ఆయన ప్రార్థన చేసి, ఆమెన్ అన్నాక, “పడితే ఎడంవైపు పడు, అటు మట్టి మెత్తగా ఉంటుంది,” అన్నారు. పంటు మీద గోదారి దాటి, సఖినేటిపల్లిలో టీ కొట్టు మెట్టు మీంచి ఎక్కాను. టీ కొట్టు అతను గ్లాసు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. రెండు పాసు. బండి గుడుగుడుమని పోతుంటే కొబ్బరాకుల కొసలు నాకోసమే వంగినట్టున్నాయి. పాట కూడా ఎత్తుకున్నాను.

తాటిపాక దాటాం. “అదిగో, ఆపు,” అన్నాను. ఆపింది. గర్వం నెత్తికెక్కి ముందు వెనకా చూసుకోకుండా జారి దిగిపోయాను. దిగాక చూస్తే తూము ఉంది. నీళ్లూ పారుతున్నాయి. గోడ లేదు. రోడ్డు ఎత్తు పెంచినప్పుడు గోడ పైఅంచు దాకా మట్టి పోసేశారు. నేను వరదలో కూర్చున్న గోడ మీద ఇప్పుడు మోటారు సైకిళ్లు పోతున్నాయి.

చుట్టూ చూశాను. ఒక మెట్టు లేదు, ఒక రాయి లేదు. మెర్సీ హెల్మెట్ అద్దం పైకెత్తి నన్ను చూసింది. ఆ చూపులో బండి మెల్లగా దూరమైపోవడం నాకు కనపడింది.

రెండో పంట దాళ్వా కోతల రోజులు. రోడ్డు పక్కన ధాన్యం ఆరబోసి ఉంది. ఎండిన ధాన్యం బస్తాలకెత్తి, తూము పక్కనే పేర్చారు. ఒక చోట ఒక బస్తా, దాని పక్కన రెండు, దాని పక్కన మూడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మెట్లే కదండీ అవి! గబగబా వెళ్లి కాలెత్తాను.

“అమ్మా, అమ్మా! ఆగండాగండి!” బస్తా మీద గొడుగేసుకుని కూర్చున్న పెద్దమనిషి అరిచాడు. “ధాన్యం మీద కాలెయ్యకండి!”

కాలు గాల్లోనే ఆగిపోయింది. సిగ్గేసింది. మా ఇంట్లోనూ అంతే. కింద పడ్డ మెతుకు తొక్కితే మా అత్తగారు నాకు మర్నాటి దాకా అన్నం పెట్టేది కాదు.

“తప్పయిపోయిందండి. మేమూ అన్నం తినేవాళ్లమే,” అని సంగతంతా చెప్పాను. ఆయన పేరు చంద్రరావుగారట. కూలి పనివాళ్లు కూడా చీపుర్లు వదిలేసి మూగారు. చెబుతుండగా నా కళ్లు ఆయన కూర్చున్న చోటు మీద పడ్డాయి.

“కాలెయ్యకూడదు సరేనండి. కూర్చోవచ్చా?”

ఆయన కింద ఉన్న బస్తా చూసుకున్నారు. “ఆయ్, కూర్చోవచ్చండి. నేను కూర్చునే ఉన్నాను కదండి.”

అంతే. చెప్పులు విప్పి లోవలక్ష్మి అనే ఆవిడ చేతికిచ్చాను. ఒంటి బస్తా మీద కూర్చున్నాను. కాళ్లు తగలకుండా ముందుకు చాపాను. రెండు చేతులూ వెనక్కి ఆనించి, ఊపు పట్టి, రెండు బస్తాల మీదికి వెనక్కి జరిగాను. “ఒకటీ!” అన్నారు జనం.

లోవలక్ష్మి నా నడుం పట్టుకోబోయింది. “చెయ్యెయ్యకండి! చెయ్యేస్తే ఫెయిలు!” అని మెర్సీ కేక పెట్టింది.

“ఇదేం పరీక్షమ్మా, ముసలావిడకి!”

“ముసలావిడెవరు?” అన్నాను నేను, మూడో మెట్టుకు ఎగురుతూ.

“రెండూ!” ఆటో ఒకటి ఆగింది. బస్సు కూడా నెమ్మదించింది. పైజమా అంచుకు ఊక అంటుకుంది, పై బస్తా మీద మహారాణిలా కూర్చున్నాను. మెర్సీ బండి తెచ్చి ఆనించి, రెండు కాళ్లూ నేలకు తన్ని పట్టింది. ఎడంకాలు ఫుట్‌రెస్ట్ మీద పెట్టాను. కుడికాలు లేపాను. సగంలో పట్టేసింది.

“ప్రభువా, పాము అనుకుంటాను,” అన్నాను. లేచింది! దబ్బున సీటులో పడ్డాను. బండి ఊగింది, మెర్సీ ఆపింది. “మూడూ!” అని చంద్రరావుగారు గొడుగు గాల్లోకి ఎగరేశారు. లోవలక్ష్మి ఈల వేసింది. అంత పెద్ద ఈల నేను మగవాళ్లు వెయ్యగా కూడా వినలేదు.

అరమైలు పోయాం. మెర్సీ చూపు రోడ్డు మీదే. పెద్దబండి ఎత్తు మీంచి కాలవ గట్టు అవతలి పొలాలు మొదటిసారి చూస్తున్నాను, కానీ మనసంతా ఆ పిల్ల వీపు మీదే ఉంది.

“పాసేనా?” అని అడిగాను, ఉండబట్టలేక.

“మామ్మా,” అంది, “రంగేది తీసుకుందాం?”

నేను గట్టిగా కావిలించుకుంటే బండి వంకర తిరిగింది. పంటు దగ్గరకొచ్చాక గానీ నా కాళ్లకు చెప్పులు లేవని ఇద్దరం చూసుకోలేదు. ఆ కాలే ఇసకలో నేను గెంతుతుంటే డాన్సు చేస్తున్నాననుకుని పంటు వాళ్లు చప్పట్లు కొట్టారు.

జూన్‌లో బండి వచ్చింది. గణేష్‌బాబు తాళాలు నా చేతికే ఇచ్చాడు. మొదటి ప్రయాణం ఊటీ కాదు, అరకూ కాదు. తాటిపాక దాటాక కాలవ పక్క రోడ్డు. చెప్పులు తెచ్చుకోవాలిగా!

రోడ్డు మీద ధాన్యం లేదు, చేలల్లో నారు పచ్చగా ఉంది. తూము పక్కన కొత్తగా కోసిన కొబ్బరి మొద్దు ఒకటి పడేసి ఉంది, దొర్లకుండా రెండువైపులా రాళ్లు పెట్టి. దాని మీద నా చెప్పులు, జతగా, ఎవరో కడిగి పెట్టారు.

చేలో నుంచి చంద్రరావుగారి కేక వినపడింది. “ఎత్తు సరిపోతుందాండి మామ్మగారూ? లోవలక్ష్మి అంతే చాలంది!”

బండి దిగి, చెప్పులు కింద పెట్టి తొడుక్కున్నాను. మొద్దు ఎక్కాను. కాస్త ఊగింది, నేనూ దాంతోపాటు ఊగాను. కాలు లేచింది, ఈసారి పాము లేకుండానే.

“ఊటీకి ఎన్ని రోజులు పడుతుందే?” అని అడిగాను.

“అక్కడ నీకు తెలిసిన మెట్లు ఉన్నాయా?” అంది మెర్సీ.

“దిగాక చూద్దాం. బండి పోనీ.”