మార్తమ్మ ముఖం

జానీ మియా చేతిలో పడ్డ అద్దం తళతళలాడకుండా బయటికి పోయిందంటే ఆ రోజు సూర్యుడు పడమట పొడిచినట్టే. చండ్రుగొండ బజారులో ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఆయనది. చింతపండు పులుసు, కట్టెల బూడిద, పాత నూలుగుడ్డ ఉంటే చాలు, ఎంత మొండి అద్దమైనా దారికి రావాల్సిందే. "అద్దం కనపడొద్దు, అద్దం వెనకున్నోళ్లు కనపడాలె" అని నలభై ఏళ్లుగా వచ్చినవాళ్లందరికీ చెబుతూనే ఉన్నాడు. వినేవాళ్లకు విసుగొచ్చింది గానీ ఆయనకు రాలేదు. చివరికి ఆ తళతళే ఆయన కొంప ముంచింది.

ఊరికి ఆరు మైళ్ల దూరాన, అడవి మొదలయ్యే చోట, దొరల కాలంలో ప్రెస్బిటేరియన్ మిషన్ వాళ్లు కట్టిన రాతి చర్చి ఉంది. దాని కిటికీలన్నీ రంగురంగుల అద్దాలే. చనిపోయిన ఒక్కొక్కరి జ్ఞాపకార్థం ఒక్కో కిటికీ. ఆరింటిలో అయిదు దొరలవీ దొరసానులవీ. ఆరోది మాత్రం మన మార్తమ్మది. మిషన్ దవాఖానాలో నర్సుగా ఉండి, గూడేల్లో తండాల్లో ముప్పై ఏళ్లు పురుళ్లు పోసిన తల్లి. వాగులు పొంగినా ఆగేది కాదట. జానీ మియా కూడా ఆమె చేతుల్లోనే పడ్డాడు. ఎదురుకాళ్లతో వచ్చావురా, మార్తమ్మ లేకపోతే నువ్వూ లేవు నేనూ లేను అని వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పేది.

అంతమందికి ప్రాణం పోసిన మనిషికి సరైన ఫోటో ఒక్కటి లేదు, చోద్యం కాకపోతే. మిషన్ వాళ్ల గ్రూపు ఫోటోల్లో ఆమె ఎప్పుడూ ఏదో పసిగుడ్డును ఎత్తుకుని కిందికే చూస్తూ ఉండేది. పాపిట తప్ప ముఖం పడేది కాదు. ఆమె రూపమంటూ మిగిలింది ఆ కిటికీలోనే. తెల్లచీర, చేతుల్లో పసిబిడ్డ, అరచేయంత అద్దం మీద గీసిన ముఖం. ఏటా సంస్మరణ ఆదివారం నాడు పినపాక అవతలి గూడెం నుంచి జంపక్క అనే ముసలామె వచ్చేది. నలుగురు పిల్లల్ని మార్తమ్మ చేతుల్లో కన్నది. కిటికీ వంక చూసి, ఈమె ఎవరో, మా మార్తక్క కాదు అని గొణుక్కునేది. ముసలిదానికి చూపు మందగించిందని జనం నవ్వుకునేవాళ్లు.

ఈ ఎండాకాలం ఈదురుగాలులకు ఆ కిటికీలో అద్దం ముక్కల్ని కలిపి పట్టే సీసం పట్టీలు వదులయ్యాయి. పాస్టరు జయప్రకాశ్ దాన్ని దింపించి, సంస్మరణ ఆదివారంలోగా బిగించి ఇమ్మని జానీ మియాకు అప్పగించాడు. అది మొదలు మార్తమ్మ కూతురు దీవెనమ్మ రెండు రోజులకోసారి ఆటో ఎక్కి దుకాణానికి రావడమే. డెబ్బై రెండేళ్ల మనిషి. వస్తూ వస్తూ కొంగులో ఇన్ని మొర్రిపండ్లు మూట కట్టుకొచ్చేది. దవాఖానాలో పడ్డ మనిషిని చూడటానికి వచ్చినట్టు, మా అమ్మకు ఎట్లున్నది అని అడిగేది. నిమ్మళంగున్నది అక్కా అని జానీ మియా జవాబు చెప్పేవాడు. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

పట్టీలు విప్పి, ముక్కలన్నీ ఒక్కొక్కటిగా కడిగాడు జానీ మియా. ఎరుపు, నీలం, పసుపు రంగులు అద్దంలోనే కలిసి ఉంటాయి, ఎంత రుద్దినా ఏమీ కాదు. ముఖం ఉన్న ముక్క మీద గోధుమరంగు మసక ఏదో కనిపించింది. యాభై ఏళ్ల కొవ్వొత్తుల పొగ అనుకున్నాడు మహానుభావుడు. పులుసులో గంటసేపు నానబెట్టి, బూడిదతో తోమి, కడిగి వెలుతురుకు పట్టుకున్నాడు. అద్దం తళతళలాడింది. కళ్లు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. ముఖం మాత్రం అద్దం పైన గీసిన రంగు, గీసినవాడు దాన్ని కొలిమిలో సరిగా కాల్చి అద్దానికి పట్టించలేదన్నమాట.

పుట్టగానే తనను చూసిన మొదటి ముఖాన్ని తన చేత్తోనే తుడిచేశాడు. ఆ పూట అన్నం సహించలేదు. ఒక దుర్బుద్ధి కూడా పుట్టింది, అబద్ధమెందుకు. కిటికీ చూస్తే అంత ఎత్తున ఉంటుంది, దీవెనమ్మ కళ్లకేమో శుక్లాలు. రెండు కళ్లూ ఒక నోరూ గీసి బిగిస్తే ఎవరు పోల్చుకుంటారు? కానీ మర్నాడు ఆమె మొర్రిపండ్ల మూట విప్పి, మా అమ్మకు ఎట్లున్నది అని అడిగేసరికి నిమ్మళంగున్నదనే మాట నోట రాలేదు. ఉత్త అద్దం తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, బజారు చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేశాడు.

దీవెనమ్మ ఆ అద్దాన్ని వేళ్లతో తడిమింది.

"ఏడువకు జానీ," అంది. "నువ్వు తుడిచింది మా అమ్మను కాదు, నన్ను."

జానీ మియాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది ఆమె, యాభై ఏళ్లుగా కడుపులో దాచుకున్న మాట. కిటికీ చెయ్యడానికి మద్రాసు నుంచి వచ్చిన అతను ఫోటో అడిగాడట. ఎక్కడుంది ఫోటో? కూతురివే కదా, నువ్వు కూర్చో అని ఇరవై రెండేళ్ల దీవెనమ్మను ఎదురుగా కూర్చోబెట్టి గీశాడు. ఆమెకు తల్లి పోలిక ఒక్కటీ లేదు, అంతా తండ్రి పోలికే. ఎవరికీ చెప్పొద్దన్నాడు అప్పటి పాస్టరు. జనం వచ్చి ఆ కిటికీ కింద మార్తమ్మా అని కన్నీళ్లు పెట్టుకుంటుంటే, తల్లి చోటు కాజేసిన దొంగలా ప్రతి ఆదివారం తల వంచుకుని కూర్చునేది.

"నా మొహం కిందనే నేను కూసొని మా అమ్మ కోసం ఏడ్చిన. గా బరువు నువ్వు దించినవ్ తమ్మీ."

అని ఊరుకోలేదు. లేచి, గోడకు ఆనించిన పెద్ద అద్దం ముందుకు పోయి నిలబడింది. శుక్లాల కళ్లు చికిలించి దగ్గరగా చూసుకుంది. పళ్లూడి బుగ్గలు లోపలికి పోయాక, నుదుటి మీద గీతలు పడ్డాక, తండ్రి పోలిక ఎక్కడికి పోయిందో పోయింది.

"గిప్పుడొచ్చింది మా అమ్మ. గిప్పుడు గీయించు."

జానీ మియా కూతురు షీరీన్ ఖమ్మంలో బడిపిల్లలకు డ్రాయింగ్ చెబుతుంది. కబురు అందగానే వచ్చి, దీవెనమ్మను దుకాణం ముందు ఎండపొడలో కూర్చోబెట్టింది. చూపు ఎటు పెట్టమంటావు అమ్మమ్మా అని అడిగింది. కిందికి పెట్టు బిడ్డా, చేతిలో ఉన్న పిల్లనే చూడాలె అని చెప్పింది దీవెనమ్మ. గీసిన ముక్కను టైల్సు మీద బొమ్మలు కాల్చేవాళ్ల కొలిమిలో రెండుసార్లు కాల్పించారు. బిగించేముందు తడిగుడ్డతో ఒక మూల రుద్ది చూశాడు జానీ మియా. రంగు చెక్కు చెదరలేదు. చింతపండు కుండ మాత్రం ఆ రోజే పెరట్లో బోర్లించేశాడు.

సంస్మరణ ఆదివారం నాడు ఆయన్ను వెనక బల్ల మీద కూర్చోనివ్వలేదు దీవెనమ్మ. చెయ్యి పట్టి తీసుకుపోయి, కిటికీ కింద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. పాస్టరు జరిగిందంతా దాచకుండా చెప్పాడు. కొందరు గుసగుసలాడారు, కొందరు మూతి ముడుచుకున్నారు. ఎక్కిన బస్సు ఆలస్యమై, ప్రార్థన సగంలో కర్ర పోటు వేసుకుంటూ జంపక్క లోపలికి వచ్చింది. ఆమె ఈ కథేదీ వినలేదు. అలవాటు ప్రకారం గొణగడానికి తలెత్తి, నడవ మధ్యలోనే ఆగిపోయింది.

"మార్తక్కా," అంది, చర్చి అంతా వినబడేలా. "గిన్నేండ్లు ఏడికి పోయినవ్?"

దీవెనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జానీ మియా తలెత్తి చూశాడు. కిందికి చూస్తున్న ఆ ముఖం సరిగ్గా ఆయన మీదికే వంగి ఉంది. పుట్టిన రోజున చూసి మరిచిపోయిన ముఖాన్ని, యాభై ఎనిమిదేళ్లకు ఆయన రెండోసారి చూశాడు.