ఒళ్లో చేయి

పదిహేనేళ్లుగా నేను రోగులతో ఒకే మాట అంటూ వచ్చాను. "చేయి ఒళ్లో పెట్టుకోండి." బీపీ చూడడానికి అంతకు మించి మాట అక్కర్లేదని నా నమ్మకం. రోజుకు ఎనభై మంది వచ్చే ఆరోగ్య కేంద్రంలో పెద్ద సిస్టర్‌ని నేను. అందరినీ పేరుపేరునా పలకరిస్తూ కూర్చుంటే సాయంత్రానికి సగం మంది కూడా తెమలరు. పట్టీ చుట్టడం, బటన్ నొక్కడం, అంకె రాయడం, తర్వాతి మనిషిని పిలవడం. నేను కూర్చుంటే వరుస పరుగెత్తుతుందని డాక్టర్లే అనేవారు. నాకు ముక్కు మీద కోపమని కూడా అనేవారు, అది నా వెనకాల.

మొదట్లో మాకూ బల్ల ఉండేది. చేయి దాని మీద ఆనించే చూసేదాన్ని. తర్వాత బీపీ అంకెలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించాలని ఆర్డరు వచ్చింది. కంప్యూటర్ వచ్చింది గానీ దాన్ని పెట్టడానికి బల్ల రాలేదు. ఉన్న ఒక్క బల్లా దానికి పోయింది. అంకెను భద్రంగా దాచడం కోసం, అంకెను సరిగ్గా పట్టే వస్తువుని లాగేసుకున్నారన్నమాట. ఈ ముక్క ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడు మాత్రం గది ఖాళీ అయిందని సంతోషించాను. నా దగ్గర పని నేర్చుకున్న నర్సులందరికీ ఒళ్లో చేయే నేర్పాను. పాత రోగులైతే నేను చెప్పకముందే కూర్చుని చేయి ఒళ్లో పెట్టేసుకునేవారు.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మకి ముప్పై ఏళ్లుంటాయేమో. ఒక బుధవారం మధ్యాహ్నం మా అందరినీ కూర్చోబెట్టి, ఈమధ్య వచ్చిన ఒక పరిశోధన గురించి చెప్పింది. బీపీ చూసేటప్పుడు చేయి గుండె ఎత్తున బల్ల మీద ఆనించాలట. ఒళ్లో పెడితే పై అంకె సుమారు నాలుగు ఎక్కువ వస్తోందట. పక్కకి వేలాడేస్తే ఆరేడు ఎక్కువట. నడుము ఆనించకపోయినా, మాట్లాడుతున్నా ఇంకా పెరుగుతుందని మాకు చదువుకున్న రోజుల నుంచీ తెలిసిందే. తెలిసినవన్నీ పాటించాలంటే రోజుకు ఎనభై మందిని చూడలేం.

"నాలుగంకెల కోసం ఇంత మీటింగా, డాక్టరుగారూ?" అన్నాను.

"చాలామందికి నాలుగంటే లెక్కే కాదు సిస్టర్. గీత దగ్గర నిలబడ్డవాళ్లకి మాత్రం, మాత్ర మొదలెట్టాలా వద్దా అన్నది ఆ నాలుగే తేలుస్తుంది."

"ఎక్కడో ఎవరికో వచ్చింది ఇక్కడా రావాలనేముంది?"

ఆవిడకి కోపం రాలేదు. అదే నాకు మండింది. "రాకపోవచ్చు. మనమే చూద్దాం రండి," అంది.

స్టోరు గదిలోంచి ఒక పాత బల్ల తెప్పించింది. ఎత్తు చాలకపోతే దాని మీద దిండు వేయించింది. పది రోజుల పాటు, ఒప్పుకున్న ప్రతి మనిషికీ రెండు విధాలుగా చూడాలి. ముందు ఒళ్లోనా, ముందు బల్ల మీదా అన్నది చీటీ తీసి తేల్చాలి, లేకపోతే మనకి కావలసినట్టు చూసుకుంటామట. చూసే ముందు అయిదు నిమిషాలు మనిషి మాట్లాడకుండా కూర్చోవాలి. ఈ పని నేనే చేస్తానని ముందుకొచ్చాను. డాక్టరమ్మ మాట తప్పని తేల్చడానికే వచ్చానని దాచుకోవలసిన పని లేదు.

అరవై మూడు మందికి చూశాను. కొందరికి తేడా రాలేదు. ఇద్దరికి బల్ల మీదే ఎక్కువ వచ్చింది, ఆ రెండు పూటలూ నా సంబరం చెప్పలేను. ఒకాయనకి పద్నాలుగు తేడా వచ్చింది. పదో రోజు అన్నీ కూడి భాగిస్తే అయిదు. పరిశోధనలో నాలుగైతే నా చేతికి అయిదు. నా అంకెల మీద నేనే అనుమానపడితే ఎలా? రెండోసారి కూడి చూశాను. మళ్లీ అయిదే.

ఆ కాగితం ముందు కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ అరవై మూడు మంది కాదు. మా అక్క.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. స్కూలు యూనిఫారాలు కుట్టే దర్జీ. కుట్టడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నా కత్తెర మాత్రం ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. గుడ్డ ఎనిమిది మడతలేసి ఒక్క ఊపులో కోసేది. రెండేళ్ల కిందట ఒకరోజు వాళ్లింటికి వెళ్లినప్పుడు నా సంచిలో మెషీను ఉంది కదా అని తనకీ బీపీ చూశాను. కుట్టుమిషను ముందున్న వీపు లేని స్టూలు మీద కూర్చుని, చేయి ఒళ్లో పెట్టుకుని, మా బావ మీద చాడీలు చెబుతూనే ఉంది. నూట నలభై ఎనిమిది వచ్చింది. తర్వాతి వారాల్లో నూట నలభై ఆరు, నూట యాభై. అప్పటి డాక్టరుగారు నా అంకెలు చూసి మాత్ర రాశారు. "మీరు చూశాక నేను మళ్లీ చూడక్కర్లేదు," అన్నారు. ఎంత పొంగిపోయానో. ఆరు నెలలు పోయాక రెండో మాత్ర కూడా వేశారు, అదీ నా అంకెల మీదే.

పోయిన ఏడాది ఒక ఉదయం అక్క మిషను ముందు నుంచి లేచి, కళ్లు తిరిగి, గుమ్మం మీద పడింది. కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. అన్నం తినడానికి, జుట్టు దువ్వుకోవడానికి చేయి పనికొచ్చింది. కత్తెరకి మాత్రం ఇప్పటికీ బిగువు చాలదు. ఇప్పుడు కోసేది పనివాళ్లు. అక్క వాళ్ల వెనక నిలబడి వంకలు పెడుతుంది. వాళ్లు అటు తిరిగాక కోసిన ముక్కల్ని వేళ్లతో తడుముతూ ఉంటుంది. అది చూసిన రోజుల్లో నాకు అన్నం సయించేది కాదు. అప్పటికింకా నా తప్పుందని తెలియదు.

కాగితం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అక్క అని చెప్పలేదు. తెలిసినావిడ అని, వయసూ మాత్రలూ పడిన సంగతీ చెప్పాను.

"మాత్రలు ఎక్కువై పడిపోయుండొచ్చా?"

"ఉండొచ్చు. ఆ వయసులో వేరే కారణాలు కూడా బోలెడుంటాయి. సగటు వందమంది గురించి చెబుతుంది సిస్టర్, ఆ ఒక్క మనిషి గురించి చెప్పదు. ఆవిడని ఒకసారి సరిగ్గా చూడండి. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి. సొంతంగా మాత్రలు మాత్రం మానొద్దనండి. చాలామందికి బీపీ నిజంగానే ఉంటుంది, మానేస్తే అసలుకే మోసం."

మర్నాడే అక్క దగ్గరికి వెళ్లి ఉండాల్సింది. వెళ్లలేదు. ఒకరోజు మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగాను. ఇంకోరోజు తలనొప్పి అన్నాను. కేంద్రంలో మాత్రం బల్ల వేయించాను, గోడకి వీపు ఆనే కుర్చీ వేయించాను, చిన్న నర్సులు తొందరపడితే కసిరాను. అంతా సరిదిద్దేస్తున్నానని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. సరిదిద్దింది రేపు వచ్చేవాళ్లకి. నిన్నటివాళ్ల మొహం చూడడానికి నాకు ధైర్యం లేదు. సగటు ఒక మనిషి గురించి చెప్పదన్న మాటని తాయెత్తులా పట్టుకు తిరిగాను.

అలా రోజులు నడుస్తుండగా ఒక ఉదయం పదింటికి మా బావ ఫోను చేశాడు.

"ఏమ్మా, ఖాళీ అయితే ఒకసారి రా. మీ అక్క మళ్లీ తూలింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకున్నా."

వరుసలో ఉన్నవాళ్లని చిన్న నర్సుకి అప్పగించి పరుగెత్తాను.

వెళ్లేసరికి అక్క కోత బల్ల పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"ఏమే, వచ్చావా? దారి మర్చిపోయావనుకున్నా. మీ బావకి ఊరికే కంగారు. కాస్త తూలానంతే, ఈయన పట్టుకున్న పట్టుకి భుజం కమిలిపోయింది. టీ పెట్టమంటావా?"

"అక్కా, ఒక మాట చెప్పాలి."

"చెప్పు. ఆ మొహమేంటి అలా మాడ్చుకున్నావు?"

నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఒళ్లో చేయి, బల్ల, నాలుగంకెలు, స్టూలు మీద కూర్చోబెట్టి మాట్లాడుతుంటే చూడడం, వాటి మీదే మాత్రలు వేయడం, అన్నీ చెప్పాను. బావ గుమ్మంలో నిలబడిపోయాడు. 

"ఇప్పుడు సరిగ్గా చూడాలి. అయిదు నిమిషాలు ఏం మాట్లాడకుండా కూర్చోవాలి," అన్నాను. చెప్పక్కర్లేకపోయింది. మా అక్క అయిదు నిమిషాలు మాట్లాడకుండా ఉండడం నా జన్మలో చూడలేదు. వీపు కుర్చీకి ఆనించి, ఎడమ చేతిని కోత బల్ల మీది మడత గుడ్డల మీద, గుండె ఎత్తున పెట్టాను. లోపలి గదిలో పనివాళ్ల మిషను చప్పుడు. అక్క నన్ను చూడలేదు, కుడి మణికట్టు మీది ఆపరేషన్ గీతనే చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. మింగేశాను, ఏడిస్తే తను మాట్లాడుతుందని, మాట్లాడితే అంకె పాడవుతుందని.

అంత కోపంలో ఉన్న మనిషికి అంకె పెరగాలి. నూట పద్దెనిమిది వచ్చింది. లేచి నిలబడమన్నాను. బావ ఒక పక్క, నేను ఒక పక్క. తొంభై ఆరు.

డాక్టరమ్మకి ఫోను చేసి అంకెలు చెప్పాను. రెండో మాత్ర ఈ రోజే ఆపేయమంది. మొదటిది మాత్రం వేసుకోమంది, రేపు స్వయంగా చూస్తానంది. "తెలిసినావిడేనా?" అని అడిగింది. "మా అక్క," అన్నాను. 

ఫోను పెట్టాక అక్క అడిగింది. "అయితే నేను పడింది దీనివల్లేనా?"

"కచ్చితంగా చెప్పలేమంటారు డాక్టరుగారు."

"ఆవిడ సంగతి సరే. నువ్వేమంటావు?"

"అయ్యుండొచ్చు అక్కా. నాకలాగే అనిపిస్తోంది."

తలూపింది. "తెలియక చేశావు. పదిమందికి మంచి చేద్దామని పరుగులు పెడతావు, నాకు తెలీదా." నా గుండె కాస్త కుదుటపడేలోపే అడిగింది. "ఇది నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం నాలిక చివరన ఉంది. నిన్ననే అంటే సరిపోయేది. అక్క మొహం చూసి అనలేకపోయాను.

"పందొమ్మిది రోజులైంది."

 "పందొమ్మిది రోజులు," అంది. "రోజూ పొద్దున్న నువ్వు రాయించిన మాత్రే వేసుకున్నాను. నువ్వేం చేశావు?"

"భయపడ్డాను."

"నన్ను చూసా?"

 బావ ఏదో అనబోతే అక్క చేత్తో వారించింది. "చేయి విరిగింది నీకు తెలియక ముందు. దానికి నిన్నేమీ అనను. ఇవాళ పొద్దున్న ఈయన పక్కన లేక నేను పడుంటే, అది నీకు తెలిశాకే." గొంతు పెంచలేదు. మా అక్క గొంతు పెంచకుండా నన్ను తిట్టడం అదే మొదలు. అరిస్తే బాగుండుననిపించింది.

పట్టీ మడత పెడుతుంటే మళ్లీ అడిగింది. "నా ఒక్కదానికేనా, అందరికీ ఇలాగే చూశావా?"

"అందరికీ."

"ఎంతమంది?"

"తెలీదు అక్కా. పదిహేనేళ్లు."

"పక్కింటావిడకి?"

పక్కింటావిడకి మాత్రలు మొదలుపెట్టించిందీ నేనే. పోయిన ఏడాది, అక్క ఆస్పత్రిలో ఉండగా, ఆవిడింట్లోనే సోఫా మీద కూర్చోబెట్టి చూశాను. అదే చెప్పాను.

"ఆవిడ ఒంటరిగా ఉంటుంది," అంది అక్క. "తూలితే పట్టుకునేవాళ్లు లేరు."

 నేను మెషీను సంచిలో పెట్టుకుని, పక్కింట్లో చేయి కింద వేయడానికి ఒక దిండు ఇవ్వమని బావని అడిగి తీసుకున్నాను. ఎప్పుడూ మెట్ల దాకా వచ్చి, మూడు మెట్లు దిగాక కూడా వెనక నుంచి ఏదో ఒకటి చెబుతూనే ఉండే మనిషి, కుర్చీలోంచి లేవలేదు. లేవొద్దని నేనే చెప్పి ఉండాల్సింది, అది కూడా చెప్పలేదు.

పక్కింటి తలుపు కొట్టాను. ఆవిడ తీసి, "సిస్టరా, రామ్మా, లోపలికి రా," అంది.

అక్కకి చెప్పడానికి పందొమ్మిది రోజులు పట్టిన మాటని గుమ్మంలోనే నిలబడి చెప్పాను. "అమ్మా, మీకు బీపీ తప్పుగా చూశాను. మళ్లీ చూడాలి."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.