చావని యాట

సింధూర చేసింది మంచి పనే. చేసి నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

బొంగులూరు గేటు దగ్గరి ల్యాబులో ఆమెకు ఉద్యోగం. మేకల మశూచికి టీకా తయారుచేయాలంటే అంతులేకుండా పెరిగే మేక కణాలు కావాలి. మామూలు కణాలు కొన్నాళ్లు పెరిగి, ముసలివై ఆగిపోతాయి. ‘ఇక ఆగు’ అని చెప్పే జన్యువును సింధూర కత్తిరించేసింది. కణాలు ఆగడం మానేశాయి. అవి ఇబ్రహీంపట్నంలో యాదమ్మ పెంచే నల్ల మేకపోతు చెవి నుంచి తీసినవి. “గోరంత తోలే గదా, తీస్కో బిడ్డా” అని అప్పుడు యాదమ్మే దాన్ని పట్టుకుని నిలబడింది.

బోనాలు అయ్యాక సింధూర స్వీట్ల డబ్బాతో యాదమ్మ ఇంటికి వెళ్లింది. పోతు లేదు. మనవరాలు భవితకు ఫిట్స్ తగ్గితే ఆ పోతునే యాటగా ఇస్తానని ఎల్లమ్మకు మొక్కుకుందట. మందులతో తగ్గాయి, బోనాలప్పుడు పోతును బలిచ్చి మొక్కు చెల్లించేసింది. సింధూరకు జాలేసింది. జాలి వెనకే గొప్ప చెప్పుకోవాలనీ అనిపించింది.

“మీ పోతు ఎక్కడికీ పోలేదమ్మా. మా ల్యాబులో బతికే ఉంది. ఇక ఎప్పటికీ చావదు.”

ఓదార్పు అనుకుంది పిచ్చిది. యాదమ్మ చేతిలోని స్వీట్ల డబ్బా కింద పెట్టేసింది.

“అమ్మకు ఇచ్చినదాంట్ల మిగుల్చుకున్ననా నేను? గందుకే నిన్న పిల్లకు మల్ల ఫిట్స్ వచ్చినయ్. దవాఖానకు ఉరికినం. జర దాన్ని తెచ్చియ్యి బిడ్డా. మొత్తం.”

కణాలు ఇప్పుడు కంపెనీవి. పై ఆఫీసరును అడిగితే నవ్వుతాడేమోనని సింధూర అడగనే లేదు. కణాలను పెంచే గులాబీ రంగు నీళ్లు, కణాలేమీ లేకుండా, చిన్న సీసాలో పోసుకుని, ఆదివారం యాదమ్మ మనవరాలితో ఎదురుచూస్తున్న ఎల్లమ్మ గుడికి వచ్చింది. పెద్దామెకు మనశ్శాంతి, నాకేం పోయింది అనుకుంది.

“మొత్తం గిదేనా?” అని యాదమ్మ అడిగింది.

“అవునమ్మా.”

యాదమ్మ సీసాను గడప ముందు పెట్టింది. ఒక చెయ్యి భవిత నెత్తి మీద, ఇంకో చెయ్యి సింధూర నెత్తి మీద ఆనించింది.

“తల్లీ, ఎరుకలేక అయింది. తప్పుంటే నాదే. పిల్లల మీద పెట్టకు.”

సింధూరకు తల కొట్టేసినట్టయింది. తనూ ఆ పిల్లల్లో ఒకతె. యాదమ్మ సీసా మూత తీస్తుంటే చెయ్యి పట్టుకుంది.

“పొయ్యకండమ్మా. అందులో ఏమీ లేదు. అసలువి అక్కడే ఉన్నాయి. అడిగితే నవ్వుతారని… నేను అడగలేదు.”

తిడితే బాగుండును. యాదమ్మ తిట్టలేదు. మెట్టు మీద కూలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది.

“మరి అమ్మకు నేను ఇప్పుడు ఏమియ్యాలె?”

అప్పటికీ సింధూరనే అడిగింది.