ఉస్తా హస్తా

కటింగ్ మాస్టారికి మొదటినుంచీ ఉన్న పెట్టుబడి రెండే: ఒక ఇనుప కత్తెర, ఎవర్నీ నమ్మని బుద్ధి. కత్తెరకైనా అప్పుడప్పుడూ సాన పట్టించాల్సి వచ్చేది. బుద్ధికి ఆ ఖర్చూ లేదు.

ఆ ఉదయం బల్లమీద సూటుగుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. చెవి మాత్రం గుండీలు కుట్టే మూలకు అప్పగించాడు. కొత్తగా చేరిన టర్కీ అమ్మాయి, తెలుగు బాగానే పట్టుబడింది, అక్కడ కూర్చుని ఫోన్లో వాళ్లమ్మతో తమ భాషలో మాట్లాడుతోంది. కొన్నాళ్లుగా ఒకటే మాట: "ఉస్తా హస్తా."

ఉస్తా అంటే మాస్టారు. ఆ పిల్ల తనను పిలిచేది అలాగే. మరి హస్తా? హస్తమే, ఇంకేముంది! గుడ్డ తరుగొస్తోందని యజమాని గొణుగుతున్నాడు. తనకు చేతివాటం ఉందని ఈ పిల్ల దేశాలు దాటించి మరీ చాటుతోందన్నమాట. ఇన్నేళ్లు నిలబడ్డ బల్ల దగ్గరనుంచి దొంగ పేరుతో దిగిపోవాలా?

దగ్గు అణచుకుంటూ మూలకు నడిచాడు.

"ఏమమ్మా, నా చెయ్యి నీకేం చేసింది?"

"చెయ్యేంటి ఉస్తా?"

"హస్తా, హస్తా అంటున్నావుగా. నా చెవుల్లో దూదేం లేదు."

ఆమె నవ్వాపుకుంది. "హస్తా అంటే జబ్బుమనిషి. ఉస్తా హస్తా. రెండు మాటలు పక్కపక్కన పెడితే చాలు, మీ భాషలాగే."

"నాకు జబ్బని ఎవడు చెప్పాడు?"

"ఎవరో చెబితే 'హస్తాయ్‌మిష్' అంటాం. మీ 'జబ్బట' లాగ. నేను మిష్ అనలేదు. మెట్లెక్కి గోడ పట్టుకుని ఆగిపోవడం కళ్లారా చూశాను." చిన్న ఫ్లాస్కు ముందుకు జరిపింది. "మా అమ్మ చెప్పిన కషాయం."

ఊరికే వచ్చినదాని వెనక ఏదో ఒక మెలిక ఉంటుందని మాస్టారి అనుభవం. "బల్లమీద పెట్టు" అని వెనక్కెళ్లి కత్తెర అందుకున్నాడు. సాయంత్రం దాకా దానివంక చూసినట్టు ఎవరికీ కనపడలేదు. వెళ్లేముందు మాత్రం ఆమె దగ్గర ఆగాడు.

"యజమానితో అనేటప్పుడు ఆ మిష్ తగిలించు తల్లీ. చూశానంటే నా బల్ల పోతుంది."

మర్నాడు యజమాని తలుపు దగ్గరే చెప్పాడు: "మాస్టారు నిద్రలోనే పోయాడట."

"గిత్‌మిష్," అంది ఆమె మెల్లగా. వెళ్లిపోయాడట. కళ్లతో చూడలేదుగా.

ఎవర్నీ నమ్మకుండా గడిపిన బతుక్కి లెక్క కడితే, చివర్లో మిగిలిన లాభం కత్తెర పక్కనే ఉంది: చుక్క లేకుండా ఖాళీ అయిన ఫ్లాస్కు, దాని మూతమీద సుద్ద వేలిముద్రలు.