లస్కరు నడక

ఫ్యాను కట్టేసి, కిటికీ మూసి, హెలెన్ మళ్లీ కీబోర్డు ముందు కూర్చుంది. బెజవాడ ఎండలో ఫ్యాను ఆపుకుని కూర్చునే మనిషికి పిచ్చయినా ఉండాలి, రికార్డింగైనా ఉండాలి. హెలెన్‌కి రికార్డింగే ఉంది. జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. పమిట చెంగుతో మెడ తుడుచుకుని, ల్యాప్‌టాప్‌లో బొమ్మ కదిలించింది.

తెర మీద వెంకటప్పయ్య నడవసాగాడు. కాలువ గట్లు కాసే లస్కరు. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన లుంగీ, చంకలో గొడుగు, ఎడమకాలు కాస్త ఈడుపు. ఎక్కడ గండి పడుతుందోనని పొద్దంతా గట్టు వెంట తిరిగే ఆ మనిషి మీద సింధూరి అనే అమ్మాయి డాక్యుమెంటరీ తీసింది. వ్యాఖ్యానం లేదు. సంగీతమొక్కటే, అది హెలెన్‌ది.

ముప్పై ఏళ్లుగా చర్చిలో క్వయర్ వెనకాల కూర్చుని వాయిస్తోందామె. మెచ్చుకోళ్లన్నీ పాడినవాళ్లకే. వాయించినామె కరెంటు లాంటిది, పోయినప్పుడే గుర్తొస్తుంది. పెళ్లి కాలేదు. తల్లి పోయాక ఇంట్లో రెండో కంచం తీసే పనే లేదు. ఈ సినిమా పని చేతికొచ్చాక మాత్రం, కాలువ నీళ్లు ఆపే లాకు మెట్ల మీద వెంకటప్పయ్య క్యారేజీ విప్పగానే ఇక్కడ హెలెన్ అన్నం పెట్టుకునేది. “ఇవాళా పప్పేనాండీ?” అని తెరనే అడిగి, తనలో తనే సిగ్గుపడేది. నవ్వితే నవ్వండి, ముఖమైనా ఎదురుగా చూడని ఆ మనిషితో ఆమెకి సావాసం కుదిరిపోయింది.

షూటింగు చివరి రోజున, మీ నడకకి ఒకావిడ పాట కడుతున్నారని సింధూరి చెబితే, ఆయన కెమెరా కేసి చూసి, “నా నడకకి పాటేంటండీ! ఏదీ, ఆవిడ్నే వచ్చి వినిపించమనండి, వింటాను” అన్నాడు. హెలెన్ ఆ ముక్కని వెనక్కి తిప్పి తిప్పి విన్నది. నీది వింటానన్న మనిషి ఆమె జన్మకి ఆయనొక్కడే. ఆ మెట్ల మీద కూర్చుని వినిపించాలి. ఉన్న కోరికల్లా అదే.

తీసుకెళ్తానని సింధూరి రెండుసార్లు పిలిచింది. “పూర్తవనీ అమ్మా, సగం పాట ఏం వినిపిస్తాం?” అని హెలెనే వాయిదా వేసింది. ఆ పూర్తవడమే కుదరలేదు. చివరికొచ్చేసరికి చేతులు వాటంతటవే రెండు సాగదీసిన స్వరాల మీద వాలిపోయేవి. ఆరాధనలో కీర్తన ముగియగానే సంఘమంతా ‘ఆ...మెన్’ అనడానికి వాయించే స్వరాలవి.

“ఆంటీ, మళ్లీ ఆమెన్ అనిపించేశారు!” అని ఫోన్లో సింధూరి పడీపడీ నవ్వేది. “ఆయనింకా నడుస్తూనే ఉంటే, మీరప్పుడే ముగించేస్తారేంటండీ?”

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ముప్పై ఏళ్లు మరిగిన చెయ్యి ఎక్కడ మాట వింటుంది?

ఇవాళ విన్నది. ఎడమచేతిని తొడ కింద నొక్కిపెట్టి, కుడిచేత్తోనే వాయించింది. రాగం ఆ ఈడుపు కాలితోపాటు సాగి, ఇంకో అడుగు వెయ్యబోతున్నట్టే ఆగింది. హమ్మయ్య! హెలెన్‌కి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది. వెంటనే ఫోన్ చేసింది.

“అయిపోయిందమ్మా సింధూరీ! రేపే వెళ్దాం. మామిడికాయ పచ్చడి కూడా పట్టుకొస్తా ఆయనకి.”



“ఆంటీ... నేనే చేద్దామనుకుంటున్నా. ఆయన పోయారండీ. మొన్న రాత్రి నిద్రలోనేనంట. నాకూ ఇప్పుడే తెలిసింది.” ముక్కు చీదిన చప్పుడు. “ఇప్పుడు... మీ ఆమెన్ ఉంచేద్దామాండీ?”

“వద్దమ్మా” అంది హెలెన్. “నడవనీ.”

ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. పూర్తవనీ, పూర్తవనీ అని అడ్డం పడింది తనే కదా! సగం పాటే పట్టుకెళ్లి ఉంటే ఏం పోయేది? ఉత్త కూనిరాగం తీసినా వినేవాడే, వింటానని నోరారా అన్నవాడు.

ముఖం కడుక్కుని వచ్చి, సినిమా చివరి ముక్కకి పాట జతచేసి పెట్టింది. వెంకటప్పయ్య మెట్ల మీంచి లేచి, గట్టెక్కి, తెర అంచు దాటి వెళ్లిపోయాడు. పాట ఆగింది. కత్తిరించని బొమ్మ ఇంకా నడుస్తూనే ఉంది. లాకు కమ్మీ మీద ఆయన ఆరేసిన తువ్వాలు గాలికి ఒక అంచు లేచి, మళ్లీ వాలుతోంది.